చిలీ కుటుంబంతో తొలి వారం: సామాను సర్దడం నుంచి ఆదివారం భోజనం దాకా

చదువు కోసం చిలీ వెళ్లే విద్యార్థులు ఉండటానికి సాధారణంగా రెండు దారులు ఉంటాయి. నలుగురైదుగురితో కలిసి అద్దె ఇల్లు తీసుకోవడం ఒకటి, ఒక చిలీ కుటుంబం ఇంట్లో ఒక గది తీసుకోవడం రెండోది. రెండో దారి ఎంచుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. స్పానిష్ త్వరగా రావాలన్నా, పరాయి దేశంలో మన అనే మనుషులు దొరకాలన్నా ఇంతకంటే మంచి ఏర్పాటు లేదని నా గట్టి నమ్మకం. అయితే అది మొదటి వారంలో మీరు ఎక్కడ కూర్చుంటారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. గదిలో తలుపేసుకుని ఫోన్ చూస్తూ కూర్చుంటే మీరు ఆ ఇంట్లో అద్దెకున్న మనిషి. భాష రాకపోయినా వాళ్ల భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే ఆ ఇంటి మనిషి. కింద చెప్పేవన్నీ మిమ్మల్ని ఆ బల్ల దాకా తీసుకెళ్లడానికే.

బయల్దేరే ముందు ఒక మెసేజ్

కుటుంబం వివరాలు చేతికి రాగానే స్పానిష్‌లో ఒక చిన్న మెసేజ్ పంపండి. చిలీలో అందరూ వాట్సాప్ వాడతారు కాబట్టి అదే చాలు. మీ పేరు, ఏం చదువుతున్నారు, విమానం ఏ రోజు ఎన్నింటికి దిగుతుంది, మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఇవి రాయండి. అన్నిటికంటే ముఖ్యం మీ తిండి సంగతి. అక్కడికి వెళ్లాక, ఎదురుగా కంచం పెట్టాక మొహమాటపడే కంటే ముందే చెప్పేయడం ఇద్దరికీ మేలు.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్త. చిలీలో ‘కార్నె’ అంటే మాంసం అని నిఘంటువు చెబుతుంది గానీ, ఇళ్లలో ఆ మాటకు ముందుగా గుర్తొచ్చేది గొడ్డు మాంసమే. ‘నేను కార్నె తినను’ అని చెప్పి ఊరుకుంటే కోడి ముక్కలో, హామ్ అనే పంది మాంసం ముక్కలో మీ కంచంలోకి వచ్చే అవకాశం ఉంది. అందులో వాళ్ల తప్పేమీ లేదు. కాబట్టి విడమరిచి రాయండి: ‘నో కోమో కార్నె, ని పోయో, ని పెస్కాదో, ని హమోన్.’ మాంసం, కోడి, చేప, హామ్ ఏదీ తినను అని. గుడ్డు కూడా తినకపోతే ‘ని వేవో’ చేర్చండి. కోడి, చేప తింటారు గానీ గొడ్డు, పంది మాంసం తినరు అనుకోండి, అప్పుడు ‘నో కోమో వాకూనో ని సెర్దో’ అని రాయాలి. మనవాళ్లలో ఎక్కువమందికి పనికొచ్చే వాక్యం ఇదే.

సామాను: ఆవకాయ సంగతి ముందు తేల్చుకోండి

చిలీకి ఉత్తరాన ఎడారి, తూర్పున ఆండీస్, పడమర సముద్రం. ఆ సహజమైన గోడల వల్ల చాలా పంట తెగుళ్లు ఆ దేశంలోకి రాలేదు. పండ్ల ఎగుమతి వాళ్ల జీవనాధారాల్లో ఒకటి కాబట్టి ఆ గోడను వాళ్లు చాలా గట్టిగా కాపాడుకుంటారు. విమానాశ్రయంలో ఆ పని చూసేది సాగ్ అనే వ్యవసాయ, పశుసంవర్ధక శాఖ. సామాను ఎక్స్‌రే అవుతుంది, కుక్కలు వాసన చూస్తాయి. తాజా పండ్లు, కూరగాయలు, విత్తనాలు, మొక్కలు, మాంసం, పాల పదార్థాలు, తేనె అన్నిటి మీదా కన్ను ఉంటుంది.

అమ్మ సర్దే పెట్టెలో ఉండేవి కూడా ఇంచుమించు ఇవే కదా! నెయ్యి పాల పదార్థం. ఆవాలు, నువ్వులు, మినుములు వాళ్ల లెక్కలో విత్తనాలు. కరివేపాకు మొక్క భాగం. కాబట్టి రెండు పనులు చేయండి. మొదటిది, తీసుకెళ్లేది ఏదైనా కంపెనీ సీలు వేసి, పైన ఏముందో ముద్రించిన ప్యాకెట్‌గా ఉండేలా చూసుకోండి. ఇంట్లో దంచిన కారప్పొడి కంటే కొన్న సాంబారు పొడికి అనుమతి దొరికే అవకాశం ఎక్కువ. రెండోది, డిక్లరేషన్‌లో తిండి పదార్థాలు, మొక్కలకు సంబంధించినవి ఉన్నాయని నిజం రాయండి. రాసి చూపిస్తే మహా అయితే ఆ ప్యాకెట్ తీసుకుంటారు. రాయకుండా దొరికితే జరిమానా పడుతుంది. వచ్చిన రోజే ఆ టెన్షన్ మీకొద్దు.

ఇంటివాళ్లకు బహుమతిగా కొండపల్లి బొమ్మో, ఏటికొప్పాక బొమ్మో తీసుకెళ్లాలని ఉంటే అది చెక్క కాబట్టి దాన్నీ డిక్లేర్ చేయండి. ఈ గొడవేమీ లేనిది బట్ట. కలంకారీ బల్లగుడ్డ చాలా బాగా కుదురుతుంది, ఎందుకో కింద తెలుస్తుంది.

ఇంకొన్ని సంగతులు త్వరగా చెప్పేస్తాను. కరెంటు మనలాగే 220 వోల్టులు. సన్నటి రెండు పిన్నుల ఛార్జర్ పడుతుంది గానీ, మన మూడు పిన్నుల ప్లగ్ పట్టదు. అక్కడి మూడు పిన్నులు ఒకే వరుసలో ఉంటాయి. అందుకని అడాప్టర్ కావాలి. కాలాలు తలకిందులు: జూన్, జులై, ఆగస్టు అక్కడ చలికాలం. చదువుల ఏడాది మార్చిలో మొదలవుతుంది. జులైలో దిగేవాళ్లు లోపల వేసుకునే థర్మల్ బట్టలు, మందపాటి మేజోళ్లు తప్పకుండా పెట్టుకోండి. చాలా ఇళ్లలో గది గదికీ వేడి రాదు, బయటికంటే ఇంట్లోనే ఎక్కువ వణికిస్తుంది.

గుమ్మం దగ్గర

తలుపు తీయగానే ఇంటావిడ ముందుకు వంగి, తన కుడి చెంప మీ కుడి చెంపకు తాకించి, గాల్లో ఒక ముద్దు శబ్దం చేస్తుంది. ఒక్కటే, రెండో వైపు ఉండదు. ఆడవాళ్ల మధ్య, ఆడా మగా మధ్య పలకరింపు ఇదే. మగవాళ్లు మగవాళ్లతో చేయి కలుపుతారు, చనువుంటే భుజం తట్టి కౌగిలించుకుంటారు. మనకు అలవాటు లేని పని కాబట్టి మొదట్లో బిగుసుకుపోవడం సహజం. కదలకుండా నిలబడి చెంప అందిస్తే చాలు, మిగతాది వాళ్లు చూసుకుంటారు. వద్దనుకుంటే నవ్వుతూ చేయి చాపండి, ఎవరూ ఏమీ అనుకోరు.

అసలు గుర్తుంచుకోవాల్సింది వేరే ఉంది. గదిలో ఎంతమంది ఉంటే అంతమందినీ ఒక్కొక్కరినే పలకరించాలి. వెళ్లేటప్పుడు కూడా అంతే. సోఫాలో టీవీ చూస్తున్న తాతగారినీ, హోంవర్క్ చేసుకుంటున్న పిల్లాడినీ వదిలేసి గుంపుకంతా కలిపి చేయి ఊపి వెళ్లిపోతే వాళ్లకు అది నొచ్చుకునే విషయం. ఇంటావిడను, ఇంటాయనను ఏమని పిలవాలన్న సందేహం అక్కర్లేదు. పిల్లల స్నేహితులంతా వాళ్లను ‘తీయా’, ‘తీయో’ అనే పిలుస్తారు, మనం ఆంటీ, అంకుల్ అన్నట్టు. మీరూ అలాగే పిలిచి, ‘మీకిది సరేనా’ అని ఒకసారి అడగండి.

సామాను విప్పక ముందే అడగాల్సినవి

మొదటి సాయంత్రమే ఇల్లంతా చూపించమని అడగండి. అందులోనూ స్నానాల గది, వంటిల్లు.

చాలా ఇళ్లలో వేడినీళ్లు ‘కాలిఫోన్’ అనే గ్యాస్ పెట్టె నుంచి వస్తాయి. వంటింట్లోనో, వెనక బట్టలుతికే చోటో గోడకు తగిలించి ఉంటుంది. వేడినీళ్ల కొళాయి తిప్పగానే లోపల భగ్గుమని నీలం మంట వెలుగుతుంది, కట్టేయగానే ఆరిపోతుంది. పాతవాటిలో చిన్న మంట ముందుగా వెలిగించి ఉంచాలి. నీళ్లు మరీ సన్నగా వదిలితే మంట ఆరిపోతుంది. మీరు స్నానం చేస్తుండగా వంటింట్లో ఎవరైనా వేడినీళ్లు తిప్పితే మీకు ఒక్కసారిగా చన్నీళ్లు వస్తాయి. సిలిండర్ అయిపోయినా అంతే. అందుకే ఎవరు ఎప్పుడు స్నానం చేస్తారో ముందే అడిగి, మీ వేళ ఒకటి ఖాయం చేసుకోండి. గ్యాస్ ఖర్చు వాళ్లకు పెద్దదే, అయిదారు నిమిషాల్లో ముగించండి. తలకు నూనె రాసుకునే అలవాటుంటే దిండు మీద మీ సొంత తువ్వాలు వేసుకోండి.

టాయిలెట్ పేపర్ చాలా ఇళ్లలో పక్కనున్న బుట్టలో వేస్తారు, నీళ్లలో వేస్తే పైపు పూడుకుంటుంది. మీ ఇంట్లో ఎలాగో అడిగేయండి, సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు. ఇంట్లో చెప్పులు వేసుకునే తిరుగుతారు. మీరు మర్యాద అనుకుని వట్టి కాళ్లతో నడిస్తే ‘జలుబు చేస్తుంది’ అని ఆవిడ కంగారుపడుతుంది. ఇంట్లోకి ఒక జత మెత్తటి స్లిప్పర్లు కొనుక్కోండి, ఇద్దరికీ సమాధానంగా ఉంటుంది. తాళంచెవులు, వైఫై, బట్టలు ఉతికే రోజు, రాత్రి ఎన్నింటిలోగా రావాలి అన్నవి కూడా అదే రోజు మాట్లాడేసుకోండి.

చలికాలంలో గదిలో కిరోసిన్ హీటర్ పెడితే నిద్రపోయే ముందు తప్పకుండా ఆపండి, కిటికీ కాస్త తెరిచి గాలి ఆడనివ్వండి. ఇందులో మొహమాటం వద్దు, ప్రాణాల సంగతి. పక్కలో వెచ్చదనానికి ‘గ్వాతేరో’ అనే వేడినీళ్ల రబ్బరు సంచి ఇస్తారు, అదే సుఖం.

తిండి

పొద్దున తేలికపాటి టిఫిన్, మధ్యాహ్నం ఒంటి గంటకూ మూడింటికీ మధ్య పెద్ద భోజనం, సాయంత్రం టీ, రొట్టెలతో ‘ఓన్సె’. చాలా ఇళ్లలో రాత్రికి వేరే భోజనం ఉండదు. ఇది తెలియక ఓన్సెలో ఒక రొట్టె ముక్కతో సరిపెట్టి, రాత్రి తొమ్మిదికి అన్నం కోసం ఎదురుచూస్తే ఆకలితో పడుకోవాల్సి వస్తుంది. ఓన్సెలోనే కడుపు నిండా తినండి.

శాకాహారులకు చిలీ భయపడినంత కష్టం కాదు. మొక్కజొన్న, గుమ్మడి, తులసి జాతి ఆకు వేసి వండే పచ్చి బీన్స్ కూర ‘పోరోతోస్ గ్రానాదోస్’ వేసవిలో ఇంటింటా ఉంటుంది. పప్పు లాంటి ‘లెంతేహాస్’ తరచుగా చేస్తారు. టమాటా, ఉల్లిపాయ, కొత్తిమీరతో సలాడ్ రోజూ ఉంటుంది. చూసుకోవాల్సినవి ఇవి: పప్పులో రుచి కోసం సాసేజ్ ముక్క వేస్తారు, సూప్‌లో మాంసం రసం ఉండొచ్చు, కొన్ని పిండివంటల్లో పంది కొవ్వు కలుపుతారు. ఆకుల్లో చుట్టి ఉడికించే మొక్కజొన్న పిండి ‘ఉమీతాస్’ చూడటానికి పూర్తి శాకాహారంలా ఉంటుంది గానీ అందులోనూ ఆ కొవ్వు పడొచ్చు, అడిగి తినండి. గొడ్డు మాంసం తిననివాళ్లు ‘ఎంపనాదా దె పీనో’, ‘పస్తెల్ దె చోక్లో’ రెండింటిలోనూ అదే ఉంటుందని గుర్తుంచుకోండి. ‘కసూయెలా’ అనే పలుచటి కూర కోడితోనూ చేస్తారు, అది అడగొచ్చు.

కారం తక్కువ. దానికి బల్ల మీదే మందుంది: ఉల్లి, కొత్తిమీర, మిరపకాయ తరిగి కలిపిన ‘పెబ్రె’. ఇంకా అక్కడి ఆదివాసులైన మపూచే జనం నుంచి వచ్చిన పొగబెట్టిన ఎండుమిర్చి పొడి ‘మెర్కెన్’. మీరు తెచ్చుకున్న పొడి తీసి ఆవిడ వండినదాని మీద చల్లే ముందు ఈ రెండూ వాడి చూడండి. ఆవిడకు ఎంత సంతోషమో మీకే కనిపిస్తుంది.

అన్నం ఫోర్కుతో తినండి. వండిందాన్ని మెచ్చుకోవడానికి ‘ముయ్ రీకో’ చాలు. మారు వడ్డిస్తుంటే చేయి అడ్డం పెట్టకుండా ‘గ్రాసియాస్, ఎస్తోయ్ బియెన్’ అనండి. బల్ల మీంచి లేవాల్సి వస్తే ‘పెర్మీసో’ అని లేవండి.

ఓన్సె బల్ల

ఆరు నుంచి ఎనిమిది మధ్య ఎప్పుడో కెటిల్ ఈల వేస్తుంది. ఆ శబ్దం వినగానే గదిలోంచి బయటికి రండి, పిలిచేదాకా ఆగొద్దు. ‘లే అయూదో?’ అని అడగండి, సాయం చేయనా అని. కప్పులు పెట్టమంటారు. మీ కలంకారీ గుడ్డకు చోటు ఆ బల్లే.

మధ్యలో రొట్టె ఉంటుంది. చిలీ వాళ్లు రొట్టె విపరీతంగా తింటారు, అందులోనూ ‘మర్రకేత’. పైన పెళుసుగా, లోపల దూదిలా ఉండి, నాలుగు భాగాలుగా విడిపోయేట్టు గాట్లతో వస్తుంది. ఒక భాగం విరిచి పొయ్యి మీద రేకు పెట్టి కాలుస్తారు. పిండి, నీళ్లు, ఈస్టు, ఉప్పు తప్ప అందులో కొవ్వు ఉండదు కాబట్టి శాకాహారులకు అభ్యంతరం లేదు. గుండ్రటి ‘అయూయ’ రొట్టెలో మాత్రం కొవ్వు పడుతుంది. పక్కన ‘పాల్తా’, అంటే అవకాడో. ముదురు ఆకుపచ్చ గుజ్జును ఫోర్కుతో మెదిపి, ఉప్పు, కాస్త నూనె వేసి, వేడి రొట్టె మీద మందంగా పూస్తారు. అది కరకరలాడే అంచుల దాకా పూసుకుని టీతో తినడం మొదలుపెట్టాక నాకు ఇడ్లీ మీద బెంగ చాలావరకు తగ్గింది. చీజ్, జామ్, పాలు చక్కెర మరిగించి చేసే గోధుమరంగు ‘మన్హార్’ కూడా ఉంటాయి.

తినడం అయ్యాక ఎవరూ లేవరు. మాటలు సాగుతాయి. మీకు పదింట రెండు మాటలు అర్థమైనా కూర్చోండి. చిలీ స్పానిష్ వేగం ఎక్కువ, మాట చివరి ‘స’ మింగేస్తారు, ప్రతి వాక్యం చివరా ‘పో’ తగిలిస్తారు, మధ్యమధ్యలో ‘కచాయ్?’ అంటారు, అర్థమైందా అని. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కోర్సులో నేర్చుకున్న స్పానిష్ ఇదేనా అనిపిస్తే కంగారుపడకండి. ‘మాస్ లెంతో, పోర్ ఫావోర్’ అంటే నెమ్మదిగా చెబుతారు. రోజుకో చిన్న సంగతి ముందే కూడబెట్టుకుని వెళ్లండి: మీ ఊరి ఫొటో, ఇంట్లో ఎవరి పెళ్లో, ఈరోజు బస్సులో చూసిందేదో. పూర్తి వాక్యాలు రాకపోయినా ఫొటో చూపిస్తే వాళ్లే ప్రశ్నలడుగుతారు.

ఇంటికి ఫోన్ చేసే వేళ కూడా దీని చుట్టూనే పెట్టుకోండి. మన సమయం చిలీ కంటే వాళ్ల వేసవిలో ఎనిమిదిన్నర గంటలు, చలికాలంలో తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది. అక్కడ పొద్దున ఎనిమిదైతే ఇక్కడ సాయంత్రం నాలుగున్నరో, అయిదున్నరో. అమ్మానాన్నలతో మాట్లాడటానికి పొద్దుటి పూట సరిగ్గా కుదురుతుంది. ఓన్సె వేళకు ఇక్కడ తెల్లవారుజాము, ఆ గంటలో వాళ్లను లేపి మాట్లాడితే వాళ్లకు నిద్ర పోతుంది, మీకు బల్ల పోతుంది.

బయటికి అడుగు పెట్టడం

శాంటియాగోలో మొదటి ప్రయాణం ఇంట్లో ఎవరితోనైనా కలిసి చేయండి. మెట్రోకు, బస్సుకు ఒకటే ‘బిప్’ కార్డు. బస్సులో నగదు తీసుకోరు, అందుకని ముందే డబ్బు వేయించుకోవాలి. దిక్కు తప్పితే కొండలు చూడండి. ఆండీస్ ఎప్పుడూ తూర్పునే. పొగమంచు లేని రోజున నగరంలో చాలా చోట్ల నుంచి కనిపిస్తుంది, దాన్నిబట్టి ఇల్లు ఎటుందో తెలుసుకోవచ్చు. మెట్రో తలుపు పక్కన నిలబడి ఫోన్ చేతిలో పట్టుకోకండి. తలుపు మూసుకునే క్షణంలో లాక్కుని దిగిపోతారు.

విద్యార్థి నివాస అనుమతితో వెళ్లినవాళ్లు దిగిన 30 రోజుల్లోగా రెహిస్త్రో సివిల్ అనే పౌర నమోదు కార్యాలయంలో ‘సెదుల’ అనే గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయాలి. అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి, మొదటి వారంలోనే తీసుకోండి. ఆ కార్డు మీద ఉండే నంబరునే ‘రూత్’ అంటారు. బ్యాంకు ఖాతా నుంచి మందుల షాపు దాకా అందరూ అదే అడుగుతారు. ఇంకేం కాగితాలు కావాలో యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల విభాగంలో కనుక్కోండి. చిలీ బయట కొన్న ఫోన్‌లో చిలీ సిమ్ వేస్తే దాన్ని రిజిస్టర్ చేయించాలి, ఇంట్లో కుర్రాళ్లను అడిగితే చేసిపెడతారు.

భూమి కదిలితే

కదులుతుంది. ప్రపంచంలో ఇప్పటిదాకా నమోదైన అతి పెద్ద భూకంపం 1960లో వాల్దివియాలో వచ్చింది, తీవ్రత 9.5. 2010 ఫిబ్రవరి 27న 8.8 వచ్చింది. ఆ అనుభవంతోనే అక్కడి కట్టడాల నియమాలు చాలా కఠినంగా ఉంటాయి. ‘తెంబ్లోర్’ అనే చిన్నపాటి కుదుపు వస్తే ఇంట్లోవాళ్లు టీ కప్పు పట్టుకుని ఆగి, అది పోయాక మళ్లీ మాట్లాడుకుంటారు. మీరు వాళ్లను చూసి చేయండి. మెట్ల మీదుగా పరుగెత్తొద్దు, కిటికీలకు, అల్మారాలకు దూరంగా ఉండండి. వాల్పరైసో లాంటి సముద్రతీరంలో ఉంటూ నిలబడలేనంతగా ఊగితే, సైరన్ కోసం చూడకుండా సముద్రమట్టానికి 30 మీటర్ల కంటే ఎత్తున్న చోటికి నడిచి వెళ్లిపోండి. మొదటి రోజుల్లోనే ‘ఇలాంటప్పుడు మనింట్లో ఎక్కడ కలుసుకుంటాం?’ అని అడిగి పెట్టుకోండి. అత్యవసర నంబర్లు వరసగా ఉంటాయి: 131 అంబులెన్స్, 132 అగ్నిమాపక దళం, 133 పోలీసులు.

మొదటి ఆదివారం, ఆ తర్వాత

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి అమ్మమ్మలు, పిల్లలు, అల్లుళ్లు వచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి. అలసటగా ఉన్నా, మార్కెట్ చూడాలని ఉన్నా, మొదటి ఆదివారం ఎక్కడికీ వెళ్లకండి. అందరినీ ఒక్కొక్కరినే పలకరించండి, తిన్నాక కంచాలు తీయండి. ఆ రోజే అడగండి, వచ్చే వారం ఒక పూట నేను వండొచ్చా అని. నిమ్మకాయ పులిహోర చేయండి: నిమ్మకాయలు, వేరుశనగలు, పచ్చిమిర్చి అక్కడ సులువుగా దొరుకుతాయి. పసుపు, ఆవాలు ‘లా వేగా’ మార్కెట్‌లో వెతకండి. పోపు పెట్టే ముందు కిటికీ తెరవండి, ఆవాల చిటపటకు వాళ్లు ఉలిక్కిపడకుండా ముందే చెప్పండి.

ఇంత చేసినా కొన్ని ఇళ్లలో కుదరదు. వేళకు తిండి పెట్టకపోవడం, గదికి తాళం లేకపోవడం, ఎవరి ప్రవర్తనైనా ఇబ్బందిగా ఉండటం, ఇవి సర్దుకుపోవాల్సిన విషయాలు కావు. జరిగింది తేదీతో సహా రాసి పెట్టుకుని, మిమ్మల్ని ఆ ఇంటికి పంపిన సమన్వయకర్తకు మెయిల్ పెట్టండి, ఇల్లు మార్చమని నేరుగా అడగండి. భయం వేసే పరిస్థితి అయితే మెయిల్ కోసం ఆగకుండా ఫోన్ చేసి, ఆ రాత్రికే వేరే చోటు చూపించమనండి.